క్షణం తీరిక లేదా? రోజుకో అరగంట మీకోసం అట్టిపెట్టుకోవడం ఎలా

నేను నాగోలులో మెట్రో ఎక్కి హైటెక్ సిటీలో దిగుతాను. నాగోలు మొదటి స్టేషన్ కాబట్టి సీటు దొరుకుతుంది, అంత దూరానికి అదొక్కటే ఓదార్పు. పోయిన ఏడాది ఒక మంగళవారం ఉప్పల్ దాటకముందే కళ్ళు మూతపడ్డాయి. ఎవరో భుజం తట్టి "మేడమ్, లాస్ట్ స్టేషన్" అంటే ఉలిక్కిపడి లేచాను. రాయదుర్గం. ఒక్క స్టేషనే దాటిపోయాను, కొంపేమీ మునగలేదు. కానీ ఆ కంగారులో మా మేనేజరుకు ఫోన్ చేసి "సారీ సర్, ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను" అనేశాను. "మెట్రోలో ట్రాఫిక్ ఏంటమ్మా?" అని ఆయన పగలబడి నవ్వారు.

అబద్ధం కూడా సరిగ్గా ఆడలేనంత అలసిపోయానని ఆ రోజు అర్థమైంది.

దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు అని మా అమ్మమ్మ ఎవరో ఒకర్ని ఎప్పుడూ ఎగతాళి చేస్తుండేది. నాకు ఆదాయం సంగతి ఫర్వాలేదు, తీరిక సంగతే అమ్మమ్మ చెప్పినట్టుంది. పనులన్నీ అయ్యాక ఏదైనా మిగిలితే అది నాది అనుకుంటూ పదిహేనేళ్ళు గడిపాను. ఒక్కరోజూ మిగల్లేదు. నెలాఖరున డబ్బు మిగిలితే చీటీ కడదాం అనుకున్నవాళ్ళు ఎప్పుడైనా చీటీ కట్టారా? జీతం పడగానే ఆ డబ్బు తీసి పక్కన పెడితేనే చీటీ నడుస్తుంది. తీరిక కూడా అంతే, ముందే తీసి పక్కన పెట్టాలి. రోజుకో అరగంట అలా పక్కన పెట్టడానికి నాకు దాదాపు ఆరు నెలలు పట్టింది. దారిలో ఏవి పనికొచ్చాయో, ఏవి దండగో చెబుతాను. మీకు అంతకాలం పట్టకూడదు.

ముందు మూడు రోజుల లెక్క రాయండి

వారం రోజులు రాయమని చెప్పేవాళ్ళుంటారు. రెండో రోజుకే మానేస్తాం. మూడు రోజులు చాలు: ఒక మామూలు ఆఫీసు రోజు, ఒక ఆదివారం, అన్నీ అడ్డం తిరిగిన రోజు ఒకటి. పాత క్యాలెండర్ కాగితం వెనక మూడు గడులు గీయండి. ఏం చేశారు, ఎంతసేపు చేశారు, ఎవరు అడిగితే చేశారు. అసలు సంగతి మూడో గడిలో ఉంటుంది.

నా కాగితంలో మా అత్తయ్య పేరు, మావారి పేరు, మేనేజరు పేరు నిండిపోతాయనుకున్నాను. సాక్ష్యం దొరికితే ఇంట్లో ఒకసారి గట్టిగా పోట్లాడొచ్చని కూడా అనుకున్నాను, దాచడమెందుకు. తీరా చూస్తే ఎక్కువసార్లు రాసింది "ఎవరూ అడగలేదు" అని. దిండు గలీబులకు ఇస్త్రీ ఎవరూ అడగలేదు. రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు మెయిల్ తెరిచి చూడమని ఎవరూ అడగలేదు. ఆ ఆదివారం కిరాణా కొట్టుకు నాలుగుసార్లు వెళ్ళాను. ఒకసారి కొత్తిమీర, ఒకసారి పెరుగు, ఒకసారి మావాడి చార్టు పేపరు, నాలుగోసారి ఎందుకు వెళ్ళానో కొట్టు దాకా పోయాక గుర్తుకురాలేదు.

ఫోన్ లెక్క మీరు రాయక్కర్లేదు, అదే రాసుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ అని ఉంటుంది. తెరిచి చూడండి. "నేనసలు ఫోనే పట్టుకోను" అని అందరికీ చెప్పుకునే నాకు ఆ రోజు 2 గంటల 50 నిమిషాలు చూపించింది.

కాగితం నిండాక అన్నిటినీ ఒకేసారి సరిచేయాలని దిగకండి. మూడంటే మూడు గుర్తించండి: పూర్తిగా మానేయగలిగింది ఒకటి, నాలుగుసార్లకు బదులు ఒకేసారి చేయగలిగింది ఒకటి, ఇంకొకరికి ఇవ్వగలిగింది ఒకటి. నేను గలీబుల ఇస్త్రీ మానేశాను. కిరాణా బుధవారం, ఆదివారం మాత్రమే అని ఫ్రిజ్ మీద చీటీ అంటించాను. మధ్యలో కొత్తిమీర అయిపోతే ఆ రోజు చారులో కొత్తిమీర ఉండదు. కొత్తిమీర లేని చారు తాగి ఇంతవరకు ఎవరూ ఆస్పత్రి పాలవ్వలేదు.

లేవడానికి కాదు, పడుకోవడానికి అలారం పెట్టండి

తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తే బోలెడంత సమయం అంటారు. నేనూ లేచాను, పదకొండు రోజులు. రాత్రి పడుకునేది మాత్రం పదకొండున్నరకే. పన్నెండో రోజు స్టవ్ మీద పాలు పెట్టి అక్కడే నిలబడి కునుకు తీశాను. పెద్దవాళ్ళకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. అది కోసి తెచ్చుకున్న అరగంట మీది కాదు, అప్పు. మర్నాడు చిరాకు రూపంలో వడ్డీతో కట్టించుకుంటుంది.

కాబట్టి రాత్రి పదింటికి అలారం పెట్టండి. అది మోగితే గిన్నెలు సింకులో ఉన్నా సరే, వదిలేసి పడుకోవాలి. ఈ ఒక్క పని నాకు అన్నిటికన్నా కష్టమైంది. ఎంగిలి గిన్నెలతో వంటిల్లు రాత్రంతా ఉండకూడదని చిన్నప్పటి నుంచి విన్నాం కదా. మొదటి వారం మంచం మీద పడుకుని గిన్నెల గురించే ఆలోచించాను. రెండో వారానికి నిద్రపట్టింది.

సాయంత్రం ఆరింటి చాయ్ సంగతి కూడా చూసుకోండి. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. ఆరింటికి స్ట్రాంగ్ టీ తాగి పదకొండింటికి నిద్ర రావట్లేదంటే తప్పు దిండుది కాదు.

అమెరికా వాళ్ళతో కాల్స్ ఉన్నవాళ్ళకు ఇంకో చిక్కు. న్యూయార్క్‌లో మధ్యాహ్నం పన్నెండింటి మీటింగు మనకు రాత్రి 9:30. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అదే మీటింగు మనకు 10:30. నాలుగు నెలల పాటు రోజూ గంట నిద్ర పోతుంది. అక్టోబరులోనే "నవంబరు నుంచి ఈ కాల్ అక్కడి పొద్దుటికి మార్చుదామా?" అని అడగండి. మా టీములో అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. మూడేళ్ళుగా అడగకపోవడమే మా తప్పు.

అరగంట ఎక్కడ పెట్టాలి

ఖాళీ సమయం కోసం వెతకొద్దు. ఎలాగూ జరిగే పని ఒకటి చూసుకుని దాని పక్కన కట్టేయండి. పిల్లాడిని ట్యూషన్‌లో దించి గేటు దగ్గర స్కూటీ మీద కూర్చుని ఫోన్ చూస్తారు చూడండి, ఆ గంటలో అరగంట నడకకు వస్తుంది. ఇంట్లో ఉండేవాళ్ళకు అందరూ వెళ్ళిపోయాక పొద్దున పదకొండు ప్రాంతంలో ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దం వినగానే బట్టలు తీయకుండా ముందు కూర్చోండి. నైట్ షిఫ్టు వాళ్ళు మధ్యాహ్నం లేచాక, తలుపు తీసి బయటికొచ్చే లోపే ఆ అరగంట వాడుకోవాలి. తలుపు తీస్తే ఇల్లు పనులు అప్పజెబుతుంది.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక సంగతి గమనించాను. కొందరు మగవాళ్ళు కారు ఆపాక పది నిమిషాలు లోపలే కూర్చుంటారు. పాటలూ ఉండవు, ఫోనూ ఉండదు, ఊరికే. ఏదో గొడవేమో అనుకునేదాన్ని. ఇప్పుడు అనిపిస్తోంది, వాళ్ళు ఎవరికీ చెప్పకుండా చేస్తున్నది ఇదే. చెప్పి చేస్తే ఇంట్లో ఇంకా బాగుంటుంది.

చోటు విషయంలో ఒక్కటే నియమం: మామూలు రోజుల్లో పది నిమిషాల్లో చేరలేని చోటు దండగ. కేబీఆర్ పార్కు ఎంత బాగున్నా (1998లో జాతీయ ఉద్యానవనం అయింది, నగరం నడిబొడ్డున నెమళ్ళు కనిపించడం చిన్న విషయం కాదు) నాగోలు నుంచి జూబ్లీహిల్స్ పోయి నడిచి రావడం తీరిక కాదు, ఇంకో డ్యూటీ. తార్నాక, హబ్సిగూడ వాళ్ళకు ఉస్మానియా యూనివర్సిటీ చెట్లు ఉన్నాయి. దోమల్‌గూడ వైపు వాళ్ళకు ఇందిరా పార్కు, మాదాపూర్ వాళ్ళకు దుర్గం చెరువు, కొండాపూర్ వాళ్ళకు బొటానికల్ గార్డెన్. చదువుకునే అలవాటుంటే చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ, అఫ్జల్‌గంజ్‌లో 1891లో మొదలైన స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. అక్కడ ఫ్యాను కింద కూర్చుంటే ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగరు. ఇవేవీ దగ్గర్లో లేకపోతే మేడ ఉంది. నేను స్థిరపడింది అక్కడే. వాటర్ ట్యాంకు నీడన ఒక ప్లాస్టిక్ కుర్చీ, రాత్రి ఏడు నుంచి ఏడున్నర. ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 డిగ్రీలు దాటే ఊళ్ళో మేడ సిమెంటు ఏడింటికీ సెగలు కక్కుతుంది, అప్పుడు ఎనిమిదిన్నరకు మార్చుకుంటాను. వానాకాలంలో గొడుగు.

ఆ అరగంటలో ఏం చేయాలి

పనికొచ్చేదేదీ చేయకండి. నవ్వులాటకు అనట్లేదు. మన దగ్గర ఏది మొదలుపెట్టినా వారంలో అది ఇంకో పనైపోతుంది. యోగా యాప్ డౌన్‌లోడ్ చేస్తాం, అది "మీరు ఈ రోజు మిస్సయ్యారు" అని గుర్తుచేస్తుంది, మనకు ఇంకో టెన్షన్. ఏడాది జిమ్‌కు ఒకేసారి డబ్బు కట్టి తొమ్మిది రోజులు వెళ్ళినదాన్ని, నా మాట నమ్మండి.

వ్యాయామం కావాలంటే నడవండి. వారానికి 150 నుంచి 300 నిమిషాలు కాస్త చురుగ్గా ఒళ్ళు కదిలిస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే 150 అయిపోయాయి. బూట్లు, బ్యాండ్లు తర్వాత కొనుక్కోవచ్చు. ఇరానీ హోటల్లో కూర్చుని ఒక చాయ్‌లో ఒక ఉస్మానియా బిస్కెట్ ముంచుకు తినడం కూడా లెక్కలోకి వస్తుంది, ఫోన్ జేబులో ఉంటే.

నాకు అన్నిటికన్నా పనిచేసింది మాత్రం పాత విద్యే: తలంటు. కొత్తగా సెల్ఫ్ కేర్ అంటున్నారు గానీ, మన ఇళ్ళలో వారానికోసారి ప్రతి మనిషినీ పీట మీద కూర్చోబెట్టి గంటసేపు వాళ్ళ ఒంటి మీదే ధ్యాస పెట్టే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. షాంపూ ప్యాకెట్ వచ్చాక ఐదు నిమిషాల పనైపోయింది. నేను మళ్ళీ మొదలుపెట్టాను. శనివారం రాత్రి గుప్పెడు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి నానబెడతాను. ఆదివారం పొద్దున నువ్వుల నూనె కాస్త వెచ్చచేసి మాడుకు, చెవుల వెనక, మెడకు, మోకాళ్ళకు, అరికాళ్ళకు పట్టించి అరగంట ఊరుకుంటాను. ఆ తర్వాత వేడినీళ్ళలో పిసికిన కుంకుడు రసం, ఒంటికి సున్నిపిండి. కళ్ళలో పడితే మండుతుంది, దానికి మార్గం లేదు, ఉప్పు కల్లు నోట్లో వేసుకోమనేది అమ్మమ్మ. పనిచేస్తుందో లేదో గానీ ఆ ఉప్పు రుచికి మంట మర్చిపోతాం. ఇందులో గొప్పతనం ఏమిటంటే నూనె చేతులతో ఫోన్ పట్టుకోలేం. సోఫాలో కూర్చోలేం. "కాస్త ఇది అందుకో" అని ఎవరూ అడగలేరు. నూనె కారుతూ అరగంట ఎవరికీ పనికిరాకుండా ఉండటం ఎంత హాయో ఒకసారి చూడండి. స్నానమయ్యాక వచ్చే నిద్రను మాత్రం ఆపకండి. ఆ రోజు మధ్యాహ్నం వంట కర్రీ పాయింట్ చూసుకుంటుంది.

మొహమాటం

మొహమాటం గురించి మనకో సామెత ఉంది, ఇక్కడ రాసేది కాదు. తెలిసినవాళ్ళు నవ్వుకోండి.

మనకు తీరిక లేకపోవడానికి పనులు ఒక కారణమైతే మొహమాటం నాలుగు కారణాలు. శంషాబాద్ దగ్గర ఫంక్షన్ హాల్లో రిసెప్షన్, కొంపల్లిలో గృహప్రవేశం, ఎల్బీ నగర్‌లో ఓణీల ఫంక్షన్. మూడూ ఒకే ఆదివారం. "మొహం చూపించి వచ్చేద్దాం" అంటాం. ఆ మొహం చూపించడానికి దాదాపు వంద కిలోమీటర్లు తిరిగి, స్టేజీ దగ్గర లైన్లో నిలబడి, ఫొటోలో కళ్ళు మూసుకుని, భోజనాల కుర్చీ వెనక కాపలా కాసి, రాత్రి పదకొండింటికి ఇంటికొస్తాం. సోమవారం ఆ నీరసంతో మొదలు.

కాదని చెప్పడం ఎవరూ నేర్పరు, కాబట్టి వాక్యాలు ముందే సిద్ధం చేసుకోండి. మొదటి సూత్రం: కారణం చెప్పొద్దు. కారణం చెబితే అవతలివాళ్ళు దానికి పరిష్కారం చెబుతారు. "కారు సర్వీసింగ్‌కు ఇచ్చాం" అంటే "మా వాడిని పంపిస్తాలే" అంటారు. "బాబుకి పరీక్షలు" అంటే "పుస్తకం తెచ్చుకోమను, ఇక్కడ చదువుకుంటాడు" అంటారు. ఫంక్షన్ హాల్లో డీజే పక్కన సోషల్ స్టడీస్ చదివిన పిల్లాడు మా ఇంట్లోనే ఉన్నాడు.

రెండో సూత్రం: ఒకటి కాదన్నప్పుడు ఇంకొకటి ఇవ్వండి, తేదీతో సహా. "వదినా, ఈ ఆదివారం కుదరదు. వచ్చే శనివారం సాయంత్రం నేనే వస్తాను, ఇల్లంతా తీరిగ్గా చూపిద్దువుగాని." గృహప్రవేశం నాడు మూడొందల మందిలో వెళ్ళడం కన్నా ఇదే వాళ్ళకూ బాగుంటుంది. "అత్తయ్యా, ముహూర్తానికి తప్పకుండా వస్తాం, రిసెప్షన్‌కు మాత్రం రాలేం." దగ్గరి వాళ్ళ పెళ్ళికి పూర్తిగా వెళ్ళండి, ముందురోజే వెళ్ళండి, కూరగాయలు తరగండి. చావుకు, జబ్బుకు లెక్కలు చూడొద్దు. నేను మానేయమంటున్నది మధ్యలో ఉన్న ఆ పెద్ద గుంపుని, పేరు కూడా సరిగ్గా గుర్తులేని వాళ్ళ పిల్లల మొదటి పుట్టినరోజుల్ని.

ఆఫీసులో "నో" అననక్కర్లేదు, ఒక ప్రశ్న చాలు: "సర్, ఈ రెండింట్లో ఏది ముందు కావాలి?" ఆరింటికి కొత్త పని వచ్చినప్పుడు "రేపు పదకొండింటికి ఇస్తాను" అని టైముతో చెప్పండి. పదిసార్లలో ఏడుసార్లు ఆ పని రేపటికే కావాలి, మనమే ఈ రాత్రికి అనుకుంటాం. మిగతా మూడుసార్లు చేసి పెట్టండి, ఉద్యోగం ఉద్యోగమే.

మొదట్లో రెండు మూడు అలకలు తప్పవు. మా ఆడపడుచు నెలరోజులు "మీరు పెద్దవాళ్ళయిపోయారు" అంటూ మాట్లాడింది. తర్వాత ఒకరోజు తనే ఫోన్ చేసి "వదినా, ఎవరికైనా రాలేనని చెప్పాలంటే ఏమంటావు నువ్వు?" అని అడిగింది.

ఇంటి పనిలో సాయం అడగొద్దు, పని ఇచ్చేయండి

2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికి పెడుతుంటే, మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. మావారికి ఈ అంకెలు చదివి వినిపిస్తే "నేను సాయం చేస్తూనే ఉన్నా కదా" అన్నారు. చిక్కంతా ఆ సాయం అనే మాటలోనే ఉంది. సాయం అంటే పని నాది, చేయి ఆయనది. ఏం కావాలో ఆలోచించడం, గుర్తుపెట్టుకోవడం, గుర్తుచేయడం అన్నీ నావే. అలసట అక్కడే.

కాబట్టి పనిని తలతో సహా ఇచ్చేయండి. మా ఇంట్లో నల్లా మావారిది. రోజు విడిచి రోజు నీళ్ళొచ్చినప్పుడు మోటారు వేయడం, ట్యాంకు చూడడం, ట్యాంకర్ కావాలా వద్దా అన్నీ ఆయనే. పప్పులు, బియ్యం, గ్యాస్ కూడా. మొదటి నెల కందిపప్పు అయిపోయిందంటే మూడు కిలోల శనగపప్పు తెచ్చారు. నేను ఏమీ అనలేదు, వెళ్ళి మార్చనూలేదు. ఆ నెలంతా శనగపప్పు కూర, శనగపప్పు పచ్చడి, శనగపప్పు వేసిన సొరకాయ. మళ్ళీ ఎప్పుడూ పొరపాటు జరగలేదు. ఇచ్చిన పనిని వెనక నిలబడి సరిదిద్దితే అది మళ్ళీ మన ఒళ్ళో వచ్చి పడుతుంది. ఎనిమిదో తరగతి పిల్లాడు తన యూనిఫాం ఇస్త్రీకి ఇచ్చి తెచ్చుకోగలడు. మర్చిపోతే ముడతల చొక్కాతో వెళ్తాడు.

వారానికి రెండు రోజులు కర్రీ పాయింట్ నుంచి కూర, పప్పు తెచ్చుకుని ఇంట్లో అన్నం ఒక్కటి పెట్టండి. "బయటి కూరలేంటమ్మా" అని మా అత్తయ్య రెండు వారాలు పెరుగన్నమే తిన్నారు. ఇప్పుడు గురువారం వస్తే "గుత్తి వంకాయ ఉందేమో కనుక్కో" అంటున్నారు.

ఒక మాట. మన పని తగ్గించుకుని దాన్ని పనిమనిషి నెత్తిన పెట్టడం తీరిక సంపాదించడం కాదు. మా ఇంట్లో పనిచేసే ఆమె రోజూ నాలుగిళ్ళు చేసి, తన ఇల్లు చేసుకుంటుంది. ఇలాంటి వ్యాసాలు ఆమెకు ఏమీ పనికిరావు, నాకు తెలుసు. నెలకు నాలుగు సెలవులు, అదీ ఏ రోజులో ముందే చెప్పి, జీతం కోయకుండా ఇవ్వడం మన చేతిలో పని.

ఫోన్ సంగతి రెండు ముక్కల్లో

వాట్సాప్ గ్రూపులోంచి బయటికొస్తే గొడవ, అందుకని మ్యూట్‌లో "ఎల్లప్పుడూ" పెట్టేయండి. ఎవరికీ తెలియదు. బంధువుల గుడ్ మార్నింగులు, అపార్ట్‌మెంట్ పార్కింగ్ తగాదాలు అన్నీ అందులోకే. స్కూల్ గ్రూపు ఒక్కటి వదిలేసి పొద్దున, రాత్రి చూడండి. ఛార్జర్ పడకగదిలోంచి తీసి హాల్లో పెట్టండి. పదింటి అలారానికి పాత గడియారం కొనుక్కోండి.

ఇది తీరిక సమస్య కాకపోతే

టైము దొరికినా నిద్రపట్టకపోతే, ఇష్టమైనవి కూడా చేయబుద్ధి కాకపోతే, ఊరికే ఏడుపొస్తుంటే, అది రెండు వారాలు దాటినా తగ్గకపోతే పైన చెప్పినవేవీ చాలవు. డాక్టరును కలవండి. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తగ్గినా ఇలాగే నీరసంగా ఉంటుంది, మనం దాన్ని "పని ఎక్కువైంది" అనుకుంటూ ఏళ్ళు గడిపేస్తాం. నా హిమోగ్లోబిన్ 9 ఉందని అప్పుడే తెలిసింది. మనసు బాగోలేదని ఎవరితోనైనా మాట్లాడాలనుంటే 14416కి ఫోన్ చేయండి. 2022లో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ ఇది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆఫీసు ఒత్తిడి మనిషిని పూర్తిగా పీల్చేయడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్ పేరుతో తన జబ్బుల, ఆరోగ్య సమస్యల జాబితాలో చేర్చింది. దాన్ని జబ్బు అనలేదు, ఉద్యోగం వల్ల వచ్చే స్థితి అంది. అంటే విటమిన్ మాత్రలతో పోదు, ఉద్యోగంలోనే ఏదో మారాలి.

తప్పిన రోజులు

తప్పుతాయి. పరీక్షలప్పుడు, బోనాలకు చుట్టాలొచ్చినప్పుడు, దసరా పదిరోజులు, ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే వరసగా అందరికీ వచ్చినప్పుడు. తప్పిన అరగంటలను కూడబెట్టి ఆదివారం మూడు గంటలు తీసుకుందామని చూడకండి, ఆ మూడు గంటలు ఎప్పటికీ రావు. ఐదు నిమిషాలు చాలు, కుర్చీలో కూర్చుని లేచి రండి, చోటు మీదేనని మీకు గుర్తుంటుంది. ఐదు కూడా కుదరకపోతే వదిలేయండి, మర్నాడు మళ్ళీ అదే టైముకు.

పోయిన దసరాకు నాకు వరసగా ఎనిమిది రోజులు తప్పింది. తొమ్మిదో రోజు ఏడింటికి మేడెక్కేసరికి ట్యాంకు పక్కన నా కుర్చీలో నాలుగో ఫ్లోరు పిన్నిగారు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. ఇప్పుడక్కడ రెండు కుర్చీలున్నాయి. ఏడున్నర దాకా మాట్లాడుకోకూడదని ఒప్పందం.